మూడు వాకిళ్ల తొట్టి

నేను ఒక చేపల తొట్టిని. గాజు తొట్టిని కాను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను చూసిన ప్రతివాళ్లూ వేలు మడిచి టకటకా కొట్టి "గాజేనా?" అని అడుగుతారు. కాదు. నేను ఆక్రిలిక్‌ని. వంగుతాను, గీతలు పడతాను, ఓర్చుకుంటాను. నన్ను పగలగొట్టాలంటే మనిషి కాస్త కష్టపడాలి. కొందరు ఆ కష్టం పడ్డారు కూడా. అయినా ఇదిగో, ఆరొందల లీటర్ల ఉప్పునీళ్లు కడుపులో పెట్టుకుని కాకినాడలో నిలబడే ఉన్నాను.

నన్ను కట్టినాయన షేక్ సుభానీ గారు. జగన్నాథపురంలో ఆయనకి బోర్డుల షాపు ఉంది. ఆక్రిలిక్ షీట్లలోంచి అక్షరాలు కోసి, వెనక దీపాలు పెట్టి, నర్సింగ్ హోములకీ నగల కొట్లకీ పేర్లు తగిలించడం ఆయన పని. ఊళ్లో సగం మంది డాక్టర్లకి పేరు తెచ్చింది తనేనని నవ్వుతూ చెప్పుకుంటారు. తొట్టెలు కట్టడం ఆయనకి అలవాటు లేదు. కొండలరావు గారనే హోటలు యజమాని వచ్చి, "బతికున్న చేపని చూపిస్తే తప్ప జనం నమ్మట్లేదు సుభానీ. గాజయితే పిల్లలు పగలగొట్టేస్తారు. నువ్వు నీ ప్లాస్టిక్కుతో ఒకటి కట్టు" అన్నాడు.

ప్లాస్టిక్కు అన్నందుకు ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. కానీ ఒప్పుకున్నారు.

ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, ఇరవై అంగుళాల ఎత్తు. షీటు మందం పదిహేను మిల్లీమీటర్లు. సుభానీ గారు షాపు తలుపులు బార్లా తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, సూదిమందు గొట్టంలో క్లోరోఫారం నింపి నా అంచుల సందుల్లోకి వదిలారు. అది నీళ్లలా పాకింది. తాకినచోటల్లా రెండు షీట్లూ కొంచెం కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చివరికి నా నెత్తి మీద ఒక షీటు పరిచి, దానికి పళ్లెం పట్టేంత గుండ్రటి కంతలు రెండు కోశారు. ఆ రెండు కంతల మధ్య అడుగున్నర మేర షీటు అలాగే ఉండిపోయింది. దాన్నే అడ్డపట్టీ అంటారు.

నీళ్లు బరువుగా కిందికే కూర్చుంటాయని మనుషులు అనుకుంటారు. నాలాంటివాళ్లకి తెలుసు, నీళ్లు పక్కలకి తోస్తాయి. రోజంతా తోస్తాయి, పండగలకి కూడా సెలవు తీసుకోవు. నా పొడుగాటి గోడలు రెండూ మధ్యలో పొట్టలా ఉబ్బాలని చూస్తాయి. ఆ రెండింటినీ చెరో చేత్తో పట్టుకుని ఉండేది అడ్డపట్టీ. అందుకే నన్ను అప్పగించేటప్పుడు సుభానీ గారు మరీ మరీ చెప్పారు. "ఏవైనా చేసుకోండి సార్. ఈ పట్టీ జోలికి మాత్రం వెళ్లకండి."

కొండలరావు గారు తలూపాడు. ఆయన అన్నింటికీ అలాగే తలూపుతాడు.

హోటల్లో నా నిండా కొర్రమీలు. వచ్చినవాళ్లు నా ముందు నిలబడి వేలు పెట్టి చూపిస్తే వంటవాడు వలతో తీసుకుపోయేవాడు. ఒకాయన పది నిమిషాలు నన్నే చూస్తూ, "పాపం, ఎంత ఇరుగ్గా ఉన్నాయో" అని చేపల మీద జాలిపడి, ఆ వెంటనే అందరికన్నా పెద్దదాన్ని చూపించి పులుసు పెట్టమన్నాడు. నేనేమీ అనుకోలేదు. నా పని నీళ్లని ఆపడం, తీర్పులు చెప్పడం కాదు.

రెండేళ్ల తర్వాత కొత్త వంటవాడు వచ్చాడు. అతని వల పెద్దది, నా కంత చిన్నది. వల మార్చితే సరిపోయేది. కొండలరావు గారు వడ్రంగిని పిలిపించాడు. నా కడుపులో నీళ్లు అలాగే ఉన్నాయి, చేపలు అలాగే తిరుగుతున్నాయి. ఆ వడ్రంగి చెక్క కోసే రంపం మిషను తెచ్చి, కుడివైపు కంతని అడ్డపట్టీలోకి పెంచుతూ చతురస్రంగా కోసేశాడు. "పావుగంట పనండి" అన్నాడు. నిజమే, పావుగంటే పట్టింది.

కుర్చీకైతే మూల పదునుగా ఉంటే అందం. నాకు అది చావు. గుండ్రటి అంచు చుట్టూ బరువు జారిపోతుంది. పదునైన మూల దొరికితే బరువంతా వచ్చి అక్కడే కూర్చుంటుంది. అయిదో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఆ మూల నుంచి ఒక పగులు పుట్టి, నాలుగంగుళాలు అడ్డపట్టీలోకి పాకి ఆగింది. ఆగింది అనకూడదు, నేను ఆపాను. ఆ పూట హోటల్లో ఎనభై మంది తింటున్నారు. వాళ్ల కాళ్ల మీదికి ఆరొందల లీటర్లు వదలడం నాకిష్టం లేకపోయింది.

నీళ్లు తోడేశారు. నన్ను వంటింటి వెనక్కి ఈడ్చి ఉల్లిపాయలు పోశారు. ఎనిమిది నెలలు ఉల్లిపాయలు మోశాను. ఉల్లిపాయలు ఎటూ తోయవు, ఊరికే పడి ఉంటాయి. నాకు పగులు నొప్పికన్నా ఆ అవమానమే ఎక్కువ అనిపించింది.

ఆ హోటలుకి చిన్న వ్యానులో కూరగాయలు వేసే మనిషి పేరు దావీదు. ఒకరోజు ఉల్లిపాయలు నాలో కుమ్మరిస్తూ ఆగి, నా అంచు తడిమి, చెల్లెలికి ఫోను చేశాడు. "ఎస్తేరూ, ఇక్కడో ఆక్రిలిక్ తొట్టి ఉందే. ఉల్లిపాయలకి వాడుతున్నారు. కొంచెం పగిలింది."

ఫోనులోంచి ఒకటే మాట వినపడింది. "ఎత్తెంత?"

"నా మోకాలికి కొంచెం పైకి."

"తీసుకొచ్చెయ్."

ఎస్తేరుకి ముప్పై నాలుగేళ్లు. సముద్రపు రంగు చేపల్ని పెంచే హేచరీలో ఎనిమిదేళ్లు పనిచేసింది. నారింజరంగు ఒంటి మీద తెల్లచారలుండే క్లౌన్ చేపల చేత గుడ్లు పెట్టించడంలో ఆమెని మించినవాళ్లు ఆ హేచరీలో లేరు. ఒకరోజు పనికి వెళ్తుంటే లారీ ఆమె స్కూటీని గుద్దింది. ప్రాణం దక్కింది, నడుం కిందనుంచి కదలిక పోయింది. ఏడాది తర్వాత చక్రాల కుర్చీలో హేచరీకి వెళ్తే యజమాని కాఫీ తెప్పించి, ఎంతో మర్యాదగా, "కూర్చుని చేసే పని ఇక్కడేముందమ్మా?" అన్నాడట. ఎస్తేరు ఆ కాఫీ తాగకుండా వచ్చేసింది. వచ్చి, తూరంగిలో వాళ్లింటి ముందుగదిలోంచి మంచం తీయించేసింది, అక్కడ సొంతంగా చేపలు పెంచుతానని.

నన్ను కడిగి, అడుగున్నర ఎత్తు బల్ల మీద పెట్టారు. ఎస్తేరు కుర్చీ పక్కకి తెచ్చి ఆపి, చెయ్యి నా కంతలో పెట్టింది. మోచెయ్యి పట్టీకి తగిలి ఆగిపోయింది. ఇంకో కంతలో పెట్టింది. అక్కడా అంతే.

అప్పుడు నాకొక సంగతి తెలిసింది. నిలబడినవాళ్ల చెయ్యి పైనుంచి నిట్టనిలువునా దిగుతుంది, దానికి పళ్లెమంత కంత చాలు. కూర్చున్నవాళ్ల చెయ్యి పక్కనుంచి ఏటవాలుగా వస్తుంది. నా పై షీటంతా నిలబడ్డ మనుషుల కోసం కట్టిందే. నన్ను కట్టేటప్పుడు ఇంకోరకం మనుషులుంటారని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఎస్తేరు సుద్దముక్కతో తన మోచెయ్యి తగిలిన చోటల్లా గీతలు పెట్టింది. మధ్యలో అడ్డపట్టీ మీద పెద్ద కొట్టివేత గుర్తు పెట్టింది.

దావీదు కంగారుపడ్డాడు. "అది తీస్తే పగిలిపోద్దే. ఎందుకే నీకీ తిప్పలు? రోజూ పొద్దున్నా సాయంత్రం నేనొచ్చి లోపల చెయ్యి పెట్టి చేసేస్తాను కదా, నువ్వు కూర్చుని చెప్పు."

"నువ్వు రాజమండ్రి లోడు ఎత్తుకెళ్లిన రోజున గుడ్లని ఆగమని చెప్పాలా?"

"పోనీ మనిషిని పెడదాం."

"అన్నయ్యా, నా చేతులు బాగానే ఉన్నాయి. బాగున్న చేతుల్ని ఒళ్లో పెట్టుకుని నేను ఇంకోళ్ల చేతులకి పని చెప్పను." ఆమె గొంతు పెంచలేదు. దావీదు మాత్రం గదిలోంచి బయటికి వెళ్లిపోయి, కాసేపటికి తిరిగొచ్చి, "ఎవరు కట్టారో కనుక్కొస్తాను" అన్నాడు.

అలా సుభానీ గారు మళ్లీ నా ఎదురుగా నిలబడ్డారు. గడ్డం తెల్లబడింది. నన్ను చూడగానే పోల్చుకున్నారు. ఆ చతురస్రం కోత మీద వేలు పెట్టి, అక్కణ్నుంచి పగులు వెంబడి మెల్లగా తడుముకుంటూ పోయారు.

"ఎవడండీ బాబూ ఈ పని చేసింది? నీళ్లుండగా కోశాడా?"

"నాకు తెలీదండి. నేను ఉల్లిపాయల్లోంచి తెచ్చుకున్నాను" అంది ఎస్తేరు.

ఆమెకేం కావాలో విన్నాక ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. "నావల్ల కాదమ్మా. వాడు మూల కోస్తేనే ఇలాగయ్యింది. మీరు పట్టీ మొత్తం తియ్యమంటున్నారు. ఇంట్లో తొట్టి పగిలి మీ మీదికొస్తే? మీరు లేచి పరిగెత్తగలరా?"

ఆ మాట అన్నాక ఆయనకే ఇబ్బందిగా ఉంది. ఎస్తేరు మాత్రం నొచ్చుకున్నట్టు లేదు. "లేదండి, పరిగెత్తలేను. అందుకే మీకన్నా నాకే జాగ్రత్త ఎక్కువ ఉంటుంది. ఒకసారి ఇది చూడండి" అని బల్ల కింద నుంచి ఒక పొడుగాటి అట్టపెట్టె తీసింది.

పైన మూత లేని పెట్టె. మధ్యలో ఒకే ఒక అట్ట పట్టీ అతికించి ఉంది. "లోపలి నుంచి తొయ్యండి" అంది. సుభానీ గారు తోశారు. పట్టీకీ చివరకీ మధ్య పెట్టె గోడ ఉబ్బింది. ఎస్తేరు ఇంకో పెట్టె తీసింది. దాంట్లో మధ్యలో పట్టీ లేదు. పొడవుని మూడు భాగాలు చేసి, రెండుచోట్ల సన్నటి పట్టీలు వేసింది. "ఇప్పుడు తొయ్యండి." ఆయన తోశారు. గోడ అంతగా ఉబ్బలేదు. మళ్లీ మొదటి పెట్టె తోశారు. మళ్లీ రెండోది. చిన్నపిల్లాడిలా నాలుగైదుసార్లు మార్చి మార్చి తోసి చూశారు.

"నేను పట్టీ లేకుండా చెయ్యమనట్లేదండి. ఉన్నదాన్ని తీసి రెండు పెట్టమంటున్నాను. మూడు గదులవుతాయి, మూడు జంటల చేపలు. ఒక్కో గదికీ ఒక్కో వాకిలి."

ఆయన అట్టపెట్టెని చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. రెండు రోజులకి తిరిగొచ్చి గుమ్మంలోంచే మొదలుపెట్టారు. "ముందు కలపాలి, తర్వాతే కొయ్యాలి. కొత్త పట్టీలు రెండూ గట్టిపడేదాకా పాతదాని మీద రంపం పడకూడదు. మూలన్నది ఎక్కడా ఉండకూడదు, అన్నీ గుండ్రమే. నీళ్లు నేను చెప్పినట్టే పొయ్యాలి. వారం దాకా వరండాలోనే ఉండాలి, లోపలికి తేకూడదు. ఇష్టమైతే చేసేత్తాను."

"ఇష్టమే. కోసేటప్పుడు నేను పక్కనుంటాను."

"పొట్టు కళ్లల్లో పడుద్దమ్మా."

"కళ్లద్దాలు పెట్టుకుంటాను."

నన్ను వరండాలోకి మార్చారు. సుభానీ గారు ముందుగా నా అంచుల చుట్టూ అదే మందం పట్టీలు ఇంకో వరస అతికించి నా నెత్తిని రెట్టింపు దిట్టంగా చేశారు. తర్వాత కొత్త అడ్డపట్టీలు. మొదటిది బాగా కూర్చుంది. రెండోదాని కింద బుడగలు మిగిలాయి, పట్టీ పొడవునా ముత్యాలు పరిచినట్టు. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నాయి. దావీదు "ఏం కాదులెండి, కనపడవు" అన్నాడు. సుభానీ గారు అతని వైపు చూసిన చూపుకి నేనైతే పగిలిపోయేదాన్ని. బుడగ ఉన్నచోట పట్టు ఉండదు. ఇంకా పచ్చిగా ఉండగానే ఆ పట్టీ పీకేసి, అడుగంతా గీకి నున్న చేసి, మరో పట్టీ కోసుకొచ్చి మళ్లీ మొదటి నుంచి పెట్టారు.

మూడు వారాలు ఆరనిచ్చారు. ఎస్తేరు రోజూ వరండాలోకి వచ్చి, ముట్టుకోకుండా చూసి వెళ్లేది.

కోసే రోజు వచ్చింది. నేను భయపడలేదని చెబుదామనుకున్నాను. భయపడ్డాను. రంపం చప్పుడు నాకు తెలుసు. కానీ ఈసారి కడుపులో చుక్క నీరు లేదు. సుభానీ గారు టీ సాసరు బోర్లించి ప్రతి మలుపూ గీసుకున్నారు. మలుపులు కోసే రౌటరు మిషనుతో జానెడు కోసి ఆగారు, వేడి తగ్గాక మళ్లీ జానెడు. నా అడ్డపట్టీ, దాంతోపాటే ఆ వడ్రంగి మూల, దాంట్లో పుట్టిన పగులు, అన్నీ ఒకే ముక్కగా ఊడి ఆయన చేతిలోకి వచ్చేశాయి. దానివల్లే నేను నిలబడ్డానని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది లేకపోయినా నేను నేనుగానే ఉన్నాను.

కోసిన అంచుల్ని తడిపిన గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేశారు. సుద్ద మరకలు తుడుద్దామని దావీదు స్పిరిట్టు సీసా తెచ్చాడు.

"ఒరేయ్ బాబూ, ఆగు!" సుభానీ గారు సీసా లాక్కున్నారు. "కోసిన అంచుకి స్పిరిట్టు తగిలితే లోపలంతా వెంట్రుకల్లా పగుళ్లొచ్చేత్తాయి. సబ్బునీళ్లు చాలు."

దావీదు ఆ తర్వాత గంటసేపు మళ్లీ కనపడలేదు.

మర్నాడు పొద్దున్న నీళ్లు. నా ముందు గోడకి ఎదురుగా, దాన్ని తాకకుండా, ఒక దారం బిగించి కట్టారు. మధ్యలో దారానికీ గోడకీ సందు సరిగ్గా పది మిల్లీమీటర్లు. గోడ ఉబ్బితే సందు తగ్గుతుంది. "ఏడు కంటే తగ్గితే నీళ్లు వదిలేద్దాం, ఇంక ఈ మాట ఎత్తద్దు" అన్నారు సుభానీ గారు. ఎస్తేరు స్టీలు స్కేలు తీసుకుని నా పక్కనే కూర్చుంది.

పావువంతు పోశారు. పది. సగం పోశారు. పది. ఒక గంట ఆగి ముప్పావు దాకా పోశారు. తొమ్మిది.

అప్పుడు 'టక్' మంది.

దావీదు నీళ్లు వదిలే గొట్టం వైపు దూకాడు. సుభానీ గారు ఎస్తేరు కుర్చీ వెనక పట్టుకుని లాగబోయారు. ఎస్తేరు చక్రాలు రెండూ గట్టిగా పట్టేసుకుంది. "ఎవరూ ఏం ముట్టుకోకండి!" అని అరిచి, స్కేలు దారం దగ్గర పెట్టింది. "తొమ్మిది. తొమ్మిదే ఉంది. కిందకి చూడండి."

సుభానీ గారు మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద చూశారు. బరువు పడి చెక్క బల్ల కాలొకటి నేలమీద సర్దుకుంది. అంతే. ఆ చప్పుడు నాది కాదు. నాకు నోరుంటే మొదటే చెప్పేదాన్ని.

నిండా పోశారు, అంచుకి రెండంగుళాలు తక్కువగా. ఎనిమిది. సాయంత్రం ఎనిమిది. మర్నాడు ఎనిమిది. వారం రోజులు ఎస్తేరు లెక్క రాసుకుంటూనే ఉంది, నేను ఎనిమిది దగ్గరే నిలబడ్డాను. ఏడో రోజున సుభానీ గారు దారం విప్పి జేబులో వేసుకుని, నా అంచు మీద అరచెయ్యి కాసేపు పెట్టి వెళ్లిపోయారు.

తర్వాత నన్ను ఖాళీ చేసి ముందుగదిలోకి మార్చారు. సముద్రపు నీరు, మూడు గదుల మధ్య చిల్లుల అడ్డుగోడలు, గుడ్లు పెట్టడానికి గదికో పూలకుండీ పెంకు, మూడు జంటల క్లౌన్ చేపలు. ఈ చేపల కాపురంలో ఆడదే పెద్దది, ఆడదే యజమాని. మగది గుడ్లకి రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. చూడ్డానికి వచ్చిన మగవాళ్లకి ఈ సంగతి చెబితే నవ్వి, వెంటనే మాట మార్చేవారు.

నాలుగు నెలలు ఏమీ జరగలేదు. హేచరీలో వారానికి ఇన్ని గుడ్లు అని చెప్పుకున్న మనిషి నాలుగు నెలలు ఖాళీ పూలకుండీ పెంకుల వైపు చూస్తూ కూర్చుంది. దావీదు కూడా అడగడం మానేశాడు. అయిదో నెలలో ఒక ఉదయం మధ్యగదిలో కుండీ పెంకు మీద నారింజరంగు చుక్కలు కనిపించాయి, వందల కొద్దీ, ఒకదాన్నొకటి ఆనుకుని.

ఆ పెంకుని పక్కనున్న, గుడ్లు పొదిగించే చిన్న తొట్టిలోకి మార్చాలి. దావీదు చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ వచ్చాడు. ఎస్తేరు అతని వైపు చూసింది. అతను మడత విప్పేసుకున్నాడు.

ఆమె కుర్చీ నా పక్కకి తెచ్చి ఆపి, మధ్య వాకిలిలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చింది. మోచెయ్యి గుండ్రటి అంచు మీదుగా జారింది, భుజం దాకా వచ్చింది, వేళ్లు అడుగుకి తగిలాయి. తల్లిచేప ఒక్క ఉదుటున వచ్చి ఆమె బొటనవేలి దగ్గర కొరికింది. మళ్లీ వచ్చి మళ్లీ కొరికింది. అగ్గిపెట్టె అంత ప్రాణి.

"చెయ్యి తీసెయ్ ఎస్తేరూ!" అన్నాడు దావీదు.

"కరవనీ అన్నయ్యా. దాని గుడ్లు. దాని చోటులో నేనున్నా కరుస్తాను." ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు మధ్యలోనే కళ్లు నిండిపోయాయి. రెండో చెయ్యి నా అంచు మీద ఆనించి ఉంది, తుడుచుకోవడానికి ఖాళీ లేదు. పెంకు పైకి వచ్చింది, ఒక్క గుడ్డూ రాలకుండా.

ఇది జరిగి మూడేళ్లయింది. నా పక్కన ఇప్పుడు ఇంకా నాలుగు తొట్టెలున్నాయి, కోయించుకోకుండానే మూడు వాకిళ్లతో పుట్టాయి. కొత్తతరం, వాటికి బాధలు తెలియవు. చూసి నేర్చుకోవడానికి మనుషులు వస్తుంటారు. కిందటి వారం పిఠాపురం నుంచి సీతారత్నం అనే ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి, చంకకర్ర సాయంతో నడుస్తుంది, ఎడమ చెయ్యి పూర్తిగా చాచలేదు. వచ్చిన దగ్గరనుంచీ పుస్తకంలో నా పొడవూ వెడల్పూ వాకిళ్ల కొలతలూ గబగబా రాసేసుకుంటోంది, అచ్చం ఇలాంటిదే కట్టించుకుంటానని.

ఎస్తేరు ఆ పుస్తకం మెల్లగా మూసింది.

"ఇది నా చేతికి కట్టింది అక్కా. నీకు పనికిరాదు" అంది. "నీ చెయ్యి ఎంతవరకు వస్తుందో ముందు అది చూడు. తొట్టి దాన్నిబట్టి ఉండాలి."

సీతారత్నం కాసేపు తన ఎడమ చేతి వైపే చూసుకుంది, ఆ చేతిని ఎవరైనా కొలత అడుగుతారని ఎన్నడూ అనుకోనట్టు. తర్వాత చంకకర్ర నా అంచుకి ఆనించి, ఆ చెయ్యి ముందుకి చాచింది. కర్ర బరువు నా మీద పడింది. నేను కదల్లేదు.